మదిరాన్ వగరు

“మనిషి చావకూడదు. అంతే నీ పని.”

ఫోన్‌లో చీఫ్ అంతకు మించి చెప్పలేదు. ఏజెంట్ అభిజిత్ కాపాడాల్సిన మనిషి హనుమత్ప్రసాద్, నెల్లూరు నుంచి ఐర్లండ్ వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మన నేవీ శాటిలైట్ కోడ్‌లు దొంగిలిస్తున్న విదేశీ ముఠా ముఖాలు చూసిన ఒకే ఒక్క సాక్షి. శుక్రవారం సాయంత్రం వీడియో కాల్‌లో వాళ్లను గుర్తుపట్టాలి. అప్పటిదాకా కాజిల్‌బార్ ఊరి చివర ఒక అద్దె ఇంట్లో దాక్కోవాలి.

బయట లాక్‌డౌన్. ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపుతారు. లోపల కర్టెన్ తీయకూడదు. సందులోంచి వాన కనబడుతుంది. వాన ఆగితే గోడ కనబడుతుంది.

“జైలు నయం అబ్బయ్యా. ఆడ నలుగురుంటారు,” అనేవాడు హనుమత్ప్రసాద్.

అతనికి మిగిలిన ఆశ ఒక్కటే. మదిరాన్. ఫ్రాన్సులో నైరుతి మూల, కొండల కింద పండే ద్రాక్షతో చేసే రెడ్ వైన్. సిరాలా చిక్కగా ఉంటుంది.

“మూత తీసిన వెంటనే తాగితే కరుస్తది. పచ్చి నేరేడు నమిలినట్టు నాలుక పట్టేస్తది,” అని రోజూ పాఠం చెప్పేవాడు. “గ్లాసులో పోసి కాసేపు వదిలేయాల. గాలి తగిలే కొద్దీ మెత్తబడతది. అప్పుడు వేట మాంసం వేపుడు పక్కన పెట్టుకుంటే, ఆ కొవ్వుకీ ఈ వగరుకీ భలే కుదురుద్ది.”

శుక్రవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

“ఈ ఊళ్లో ఎండ ఎప్పుడొస్తుంది?” లోపలి నుంచి అభిజిత్ కోడ్ అడిగాడు.

“మీరు వెళ్లిపోయాక,” జవాబు సరిగ్గా వచ్చింది.

ఉజ్వల. డబ్లిన్‌లో పుట్టి పెరిగిన ఏజెంట్. ఎర్ర కోటు, నల్ల మాస్క్, మాస్క్ పైన ఎవరినైనా నమ్మించే కళ్లు. చేతిలో మదిరాన్ సీసా.

“చీఫ్ పంపారు అంకుల్. లాస్ట్ డే కదా.”

“రూల్ తెలుసుగా. తెచ్చినవాళ్లే ముందు తాగాలి,” అన్నాడు అభిజిత్.

“నో బాదర్. దానికేముంది.”

సీసా మూత తీసి రెండు గ్లాసుల్లో పోసింది. మాస్క్ దించాలి కాబట్టి మర్యాదగా గుమ్మం వైపు తిరిగి, తల ఎత్తి గ్లాసు ఖాళీ చేసింది. మాస్క్ సర్దుకుని ఇటు తిరిగింది.

“గ్రాండ్. చాలా స్మూత్‌గా ఉంది అంకుల్. తాగండి.”

హనుమత్ప్రసాద్ తాగలేదు. గ్లాసు ముందు పెట్టుకుని వాసన చూస్తూ కూర్చున్నాడు. ఉజ్వల కూడా కదల్లేదు.

“తాగండి అంకుల్. మీరు తాగితే నేను వెళ్తాను.”

“తొందరెందుకమ్మా. అది మెత్తబడాల.”

అభిజిత్ ఆమె కోటు బొత్తాం చూస్తున్నాడు. ఆమె వేళ్లు దాన్ని తిప్పుతూనే ఉన్నాయి. ఇప్పుడే మూత తీసిన మదిరాన్ ఈమెకు స్మూత్‌గా ఎలా ఉంది?

హనుమత్ప్రసాద్ గ్లాసు ఎత్తాడు. అంచు పెదవికి తగిలింది.

అభిజిత్ చెయ్యి విసిరాడు. గ్లాసు గోడకు కొట్టుకుని పగిలింది.

“మాస్క్ తియ్యి. నాలుక చూపించు.”

“సారీ?”

“మా ఊళ్లో నేరేడు పళ్లు దొంగతనంగా తిన్నామా లేదా అని మా అమ్మ అలాగే చూసేది. నీ నాలుక ఎవరూ అలా చూసినట్టు లేదు.”

ఆమె మాస్క్ తీసింది. నవ్వింది. పళ్లు తెల్లగా ఉన్నాయి, నాలుక గులాబీ రంగులో ఉంది, వైన్ మరకే లేదు. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది.

అభిజిత్ బల్ల మీది థర్మామీటర్ గన్ అందుకున్నాడు.

“టెంపరేచర్ చూస్తావా?”

గన్ నుంచి మత్తు సూది వెళ్లి ఆమె మెడలో దిగింది. ఆమె మెల్లగా సోఫాలోకి ఒరిగింది. బ్యాగ్‌లో పిస్టల్, కాలర్ కింద సన్నటి రబ్బరు గొట్టం, దాని చివర కోటు లోపల సంచి. తాగానన్న వైన్ అంతా ఆ సంచిలో ఉంది. సీసా కార్క్‌లో సూది గుచ్చిన రంధ్రం కనబడింది.

సాయంత్రం హనుమత్ప్రసాద్ ముఠాలో ప్రతి ముఖాన్నీ గుర్తుపట్టాడు. చీకటి పడకముందే చీఫ్ ఫోన్ చేశాడు.

“అందరూ దొరికారు. ఉజ్వలను కొన్నదీ వాళ్లే. శభాష్.”

“మమ్మల్ని ఎప్పుడు బయటికి తెస్తారు సార్?”

“ఉజ్వలకు కోవిడ్ టెస్ట్ పాజిటివ్. మీరిద్దరూ క్లోజ్ కాంటాక్ట్‌లు. ఇంకో రెండు వారాలు అదే ఇంట్లో క్వారంటైన్.”

అభిజిత్ ఆ మాట చెప్పాడు. హనుమత్ప్రసాద్ గోడ మీద ఆరుతున్న మరక వైపు చూశాడు.

“విషమైతే ఒక్క నిమిషంలో అయిపోయేది గదా అబ్బయ్యా.”