మీసం జిగురు

ఏజెంటును రైల్వే ప్లాట్‌ఫారం మీదే కాల్చేశారు. కుంటుతూ నడిచే వాచీ మెకానిక్ వేషంలో ఉన్నాడతను. కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేని వేషం. అయినా శత్రుదేశపు గార్డులు అంత జనంలోంచి సూటిగా అతని దగ్గరికే వచ్చారు. పేరైనా అడగలేదు.

అలా పోయినవాళ్లలో అతను మూడోవాడు.

"నెమలి పనే ఇది," అన్నాడు చీఫ్, ఫొటో బల్ల మీద పడేసి. నెమలి అక్కడి క్లబ్బులో గాయని, రెండు దేశాలకూ పనిచేసే డబుల్ ఏజెంట్. "ముగ్గురూ దాన్ని కలవడానికే వెళ్లి చచ్చారు. దాని అడ్డు తొలగించు."

"రుజువుందా సర్?" ఏజెంట్ డేగ అడిగాడు.

"అందంగా ఉంది, అబద్ధాలాడుతుంది. ఇంకేం కావాలి?"

డేగ బేస్‌మెంట్‌లోని మేకప్ రూముకు దిగాడు. అక్కడి ముసలి మేకప్ మాన్‌ని డిపార్ట్‌మెంటంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన డేగ పైపెదవికి జిగురు రాసి, గుబురు మీసం అంటించి, బొటనవేలితో ఒత్తాడు.

"ఊడదు నాయనా. నిశ్చింతగా వెళ్లిరా."

క్లబ్బులో షో మొదలయ్యే ముందు, పియానో రిపేరు చేసేవాడిలా డేగ గ్రీన్‌రూములోకి వెళ్లాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ అద్దంలో కనబడినా నెమలి కాటుక దిద్దుకోవడం ఆపలేదు.

"కోడ్‌వర్డ్ చెప్పకుండా తుపాకీ తీశావంటే, నాకు నూకలు చెల్లినట్టే. కాల్చు. నాలుగోవాడివి నువ్వవుతావు."

"వాళ్లని పట్టిచ్చింది నువ్వేగా."

"వాళ్లు నన్ను ఈ దేశం దాటించడానికి వచ్చారు. నా దారి నేనే మూసుకుంటానా? మూడోవాడు పోయినప్పుడు అక్కడే ఉన్నాను. గార్డులు మొహం కూడా చూళ్లేదు. కుక్క వాసన పట్టి అతని ముందు కూర్చుంది. కాల్చేశారు. ముగ్గురికీ పెట్టుడు మీసాలే."

డేగ చెయ్యి దానంతటదే పెదవి మీదకు పోయింది.

కారిడార్‌లో బూట్ల చప్పుడు. దానితో పాటు గోళ్ల చప్పుడు. నెమలి ఒక్క ఉదుటున లేచి మీసం పట్టి లాగేసింది. చర్మం లేచి రక్తం వచ్చింది. ఆ మీసాన్ని కిటికీలోంచి కాలువలోకి విసిరి, స్పిరిట్ దూదితో అతని పెదవి రుద్దింది.

తలుపు తెరుచుకుంది. కుక్క డేగను వాసన చూసి ముందుకు కదిలింది. నెమలి వేళ్ల దగ్గర ఆగి, బుద్ధిగా కూర్చుంది.

ఆమె అతని వైపు చూడలేదు. "పియానో పని అయిందిగా, ఇక వెళ్లు," అంది విసుగ్గా.

అతను టూల్ బ్యాగు తీసుకుని బయటికి నడిచాడు. మెట్లు దిగుతుండగా వెనక తుపాకీ పేలింది.

తిరిగొచ్చి నిలదీస్తే బాబాయ్ బుకాయించలేదు.

"మావాడు అక్కడి జైల్లో ఉన్నప్పుడు, వాళ్ల ఖైదీని వదిలితే మావాణ్ణి వదుల్తామన్నారు. చీఫ్ ఒప్పుకోలేదు. ఉరి తీశారు. అందుకే ఈ జిగురు సీసా ఒకటి వాళ్లకి పంపాను."

"ఆ ముగ్గురూ నిన్ను బాబాయ్ అనేవారు."

"మావాడు నాన్నా అనేవాడు."

డేగ చీఫ్‌కు అంతా చెప్పాడు. బాబాయ్‌ని వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లారు. చప్పుడు వినబడ్డాకే చీఫ్ కాఫీ కప్పు దించాడు.

"జిగురు మార్చినంత మాత్రాన ఇది ఆగదు సర్. ఆ కుర్రాణ్ణి వదిలేసింది మనం."

"నిజమే. మూలం పట్టుకున్నావు." చీఫ్ తలూపి, ఇంటర్‌కం నొక్కి సెక్రటరీని పిలిచాడు. "కొత్త మేకప్ మాన్ కావాలమ్మా. ఈసారి పిల్లల్లేనివాణ్ణి చూడండి."