గేటు దగ్గర మెటికల చప్పుడు

మా రైలు గేటు దగ్గర చీకటి పడ్డాక బండి ఆపకూడదంటారు. ఆపితే ఇక అది కదలదట.

గేటు పక్కన ఒక గది ఉంది. తలుపుకి తాళం, తాళానికి తుప్పు. గేటుకి యంత్రం పెట్టకముందు అందులో ఒక కాపలాదారు ఉండేవాడు. గేటు వెయ్యగానే బయటికొచ్చి, "ఇంజన్లు ఆపండి... ఆపండి" అని అందరి మీదా కేకలేసేవాడు. ఆయన పోయాడనీ, మనిషి పోయినా అలవాటు పోలేదనీ చెప్పుకుంటారు. నిజంగా పోయాడో, ఏ కూతురింట్లోనో కూర్చుని మూడు పూటలా తింటున్నాడో కనుక్కున్నవాడు మాత్రం లేడు.

పాలాయన బండి అక్కడే ఆగింది. టైలరు బండీ అక్కడే ఆగింది. ఇద్దరూ చెప్పింది ఒకటే. గేటు పడింది — ఇంజను ఆపారు — రైలు వెళ్ళింది — గేటు లేచింది. స్టార్టు చేద్దామని స్విచ్చి నొక్కితే ముందు దీపం ఎర్రబడి ఆరిపోయింది. ఆ తర్వాత... వెనకాల ఎవరో మెటికలు విరిచినట్టు... టక్. టక్. టక్.

మూడోవాడు మా బావ.

బావంటే మా అక్క భర్త. నీళ్ళ పంపుహౌసులో ఆయనది రాత్రి డ్యూటీ. పైనుంచి నీళ్ళు వదిలేది ఎనిమిది నుంచి పది దాకానే. ఆలోగా మోటారు వేసి ట్యాంకు నింపాలి. లేకపోతే తెల్లారి మూడు వీధుల్లో కుళాయిలు రావు. ఇరవయ్యేళ్ళలో ఆయన ఒక్క రాత్రి కూడా తప్పలేదు. మాట తక్కువ మనిషి. ఉన్న పరువంతా ఆ మోటారు స్విచ్చి దగ్గరే ఉండేది.

ఆ రాత్రి జరిగింది ఆయన అక్కకి చెప్పాడు. అక్క నాకు చెప్పింది.

ఏడున్నరకి గేటు పడిందట. సన్నగా తుంపర. ముందూ వెనకా ఎవరూ లేరు. బావ ఇంజను ఆపాడు. గూడ్సు బండి — ఎంతకీ తెగలేదు. చివరి పెట్టె వెళ్ళిపోయాక గేటు లేచింది. స్విచ్చి నొక్కాడు.

దీపం పోయింది.

మళ్ళీ నొక్కాడు. టక్... టక్... టక్. సరిగ్గా వీపు వెనకే. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తాళం వేసిన గది మీద రేకు మాత్రం గాలికి కదులుతోంది... ఆపు... ఆపు... అన్నట్టు.

బండికి కాలితో తన్ని స్టార్టు చేసే కిక్కర్ లేదు. ఆరు మైళ్ళు తోసుకుంటూ పంపుహౌసుకి చేరేసరికి పదిన్నర. నీళ్ళు ఆగిపోయాయి.

తెల్లారి మూడు వీధుల ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఎందుకు ఆలస్యమైందని ఆఫీసరు అందరి ముందూ అడిగాడు. బావ నేల చూపులు చూస్తూ, "గేటు దగ్గర దెయ్యం ఆపిందండి" అన్నాడు.

ఏడవాలో నవ్వాలో తెలీక, జనం నవ్వడానికే సిద్ధపడ్డారు. ఆయన్ని పంపుహౌసు నుంచి తీసేసి పైపుల కోసం గోతులు తవ్వే పనిలో వేశారు. యాభై రెండేళ్ళ మనిషి, నడుములోతు గోతిలో, పట్టపగలు, తెలిసినవాళ్ళందరూ నడిచే రోడ్డు పక్కన. దారినపోయే పిల్లలు గోతి దగ్గర ఆగి మెటికలు విరిచి పారిపోయేవారు.

పిల్లలనేం లెండి. ఒకసారి అక్క ఇంట్లో భోజనాల దగ్గర, బావ వెనకగా వెళ్ళి నేనే విరిచాను. పది వేళ్ళూ. అక్క గరిటె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. బావ మాత్రం చిన్నగా నవ్వి, "ముద్ద దిగనివ్వరా" అన్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను బండ్ల మెకానిక్‌ని. బావే తన ఇంటి ముందు గది ఖాళీ చేసి నాచేత షాపు పెట్టించాడు. రెండేళ్ళవుతోంది. "మా బామ్మర్ది చెయ్యి మంచిది" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పి బేరాలు పంపేవాడు. అలాంటిది, దెయ్యం పట్టిన బండి నేను చూస్తానంటే మాత్రం ముట్టుకోనివ్వలేదు. "వద్దులే, పడి ఉండనీ" అని మెట్ల కింద పెట్టి గోనె కప్పేశాడు.

నెల తిరిగాక, ఆ దెయ్యమేదో చూసొచ్చి నలుగురినీ ఇంకాస్త నవ్విద్దామని నా బండి మీద గేటు దగ్గరికి వెళ్ళాను. దీపాలు పెట్టే వేళ దాటింది. గేటు పడింది. ఇంజను ఆపాను. రైలు వెళ్ళింది. గేటు లేచింది.

స్విచ్చి నొక్కాను. దీపం ఎర్రబడి... పోయింది.

మళ్ళీ నొక్కాను.

టక్... టక్... టక్.

తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు. రేకు కదిలింది... ఆపు... ఆపు. స్విచ్చి మీంచి వేలు తీశాను. మెటికలు ఆగాయి. నొక్కాను — టక్, టక్. తీశాను — ఆగాయి.

అప్పుడు గుర్తుపట్టాను. సీటు కింద ఉండి స్టార్టరుకి కరెంటు అందించే రిలే చప్పుడది. బ్యాటరీ నుంచి కరెంటు సరిగా అందకపోతే అలాగే కొట్టుకుంటుంది. షాపులో రోజూ వినేదే. ఎదుటివాణ్ణి చూసి నవ్వాలని కూర్చున్నవాడికి చెవులుండి ఏం లాభం?

సీటు ఎత్తి ఫోను లైటు వేశాను. బ్యాటరీకి వైరు బిగించే టెర్మినల్ మీద దళసరిగా గ్రీజు, నేను పూసిందే. వేలితో తీస్తే కింద తెల్లగా, కాస్త నీలంగా పొడి. ఆ పొడి వైరు క్లిప్పునీ బోల్టునీ సగం తినేసింది.

పని నేర్పినాయన నాకు చెప్పింది వేరు. పొడి కనిపిస్తే క్లిప్పు విప్పు, సోడా కలిపిన వేడినీళ్ళతో కడుగు, ఆరనివ్వు, బిగించు, ఆ తర్వాతే పైన పల్చగా పూత పెట్టు. బ్యాటరీలో నీళ్ళు గీత దాటి పోయకు. నేను విప్పడం మానేశాను. పొడి మీదే గ్రీజు మెత్తేవాణ్ణి. చూడ్డానికి నున్నగా ఉండేది, పని త్వరగా అయిపోయేది. ఎక్కువ రోజులొస్తుందని నీళ్ళు మూతి దాకా నింపేవాణ్ణి. గేటు ముందు గతుకుల్లో ఆ యాసిడ్ నీళ్ళు చింది టెర్మినల్ మీదే పడేవి, సగం తినేసిన క్లిప్పు ఆ కుదుపుకి వదులయ్యేది. మూడేళ్ళు రావలసిన బ్యాటరీ ఆరు నెలలకే చచ్చేది. ఇంజను తిరుగుతున్నంతసేపూ రోగం బయటపడేది కాదు. ఆపితేనే పడేది. అందరూ ఇంజను ఆపేది గేటు దగ్గరే, చీకటి పడ్డాక దీపం కూడా ఆ బ్యాటరీనే తాగేది.

పాలాయన బండి నేను బాగుచేసిందే. టైలరుదీ, బావదీ కూడా.

నా బండి తోసుకుంటూ తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను. మెట్ల కింద గోనె తీసి, బావ బండి సీటు ఎత్తాను. అక్కడ గ్రీజు లేదు... ఎవరో శుభ్రంగా తుడిచేశారు. తెల్ల పొడి మధ్య బోల్టు రెండు ముక్కలై ఉంది. పక్కన కుక్కి ఉన్న చేతిరుమాలు, అంచున అక్క కుట్టిన పువ్వు. యాసిడ్‌కి జల్లెడలా చిల్లులు పడింది.

అంటే ఆ రాత్రి ఆ తుంపరలో బావ సీటు ఎత్తి చూశాడు. తుడిచాడు. బోల్టు చేతిలోకి ఊడొచ్చింది. అది ఎవరి పనితనమో ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.

"కనిపించిందా?"

వెనక్కి తిరిగాను. మెట్ల మీద బావ. అరచేతులకి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. గునపం పట్టి పట్టి బొబ్బలెక్కాయి.

"ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాను.

"మెల్లగా... అక్క లేస్తుంది." ఆయన నా చేతిలోంచి రుమాలు తీసుకుని మడత పెట్టాడు. "నీ పేరు చెబితే నీ షాపు పోతుంది. దెయ్యానికి షాపు లేదు కదరా, పెళ్ళాం పిల్లలు లేరు. దాని మీదేస్తే ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ పది వేళ్ళూ ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు.

తెల్లారగానే, బావ వద్దంటున్నా వినకుండా, తినేసిన బోల్టూ రుమాలూ పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదన్నాను. గ్రీజు సంగతి, నీళ్ళ సంగతి, రిలే సంగతి, మొదటి నుంచీ చెప్పాను. బావని మళ్ళీ పంపుహౌసులో వెయ్యమని చేతులు జోడించాను. ఆఫీసరు అంతా ఓపిగ్గా విన్నాడు. గదిలో గుమాస్తాలు కూడా రాయడం ఆపి విన్నారు.

"బావ కోసం భలే కథ అల్లుకొచ్చావయ్యా," అన్నాడు చివరికి. "అయినా దెయ్యం కథే బావుంది."

నవ్వుతూ రెండు చేతులూ టేబుల్ మీదికి చాచి, వేళ్ళు ముడిచి మెటికలు విరిచాడు.

టక్... టక్... టక్.