అత్తమ్మ కుడిచెయ్యి

ఆదివారం పొద్దున్నే జమ్ములమ్మ నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని అరుగు మీద కూర్చుంది. టీ తెచ్చిన కోడలు సింధూజ ఆ సంచి చూడగానే గ్లాసు అరుగు మీద పెట్టేసింది.

"ఏంది అత్తమ్మా గీ సంచి?"

"అయిజకు పోత. మా చెల్లె రమ్మంటుంది. ఇగ ఆడ్నే ఉంట."

"ఎన్ని దినాలు?"

"ఉంట అన్న గద!"

అంతే. ఆ తర్వాత ఎంత అడిగినా అదే మాట. గద్వాలలో ముప్పై ఐదేళ్లు కాపురం చేసిన మనిషి ఒక్క సంచితో వెళ్లిపోతానంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది? భర్త తిమ్మప్ప పోయి పద్నాలుగు నెలలైంది. ఆయనను తీసుకెళ్లిన రోజు కూడా ఆమె కంట చుక్క రాలలేదు. చుట్టాలంతా చెవులు కొరుక్కున్నారు. వాళ్లకేం, అంతకంటే పనేముంది!

కొడుకు కురుమూర్తికి మాత్రం బెంగ పట్టుకుంది. తండ్రి కూర్చున్న మగ్గాన్ని చూసి తల్లి కుమిలిపోతుందనుకుని, మూడు నెలలు తిరక్కుండానే దాన్ని విప్పించి, మగ్గం గుంత పూడ్పించి, పైన టైల్స్ పరిపించాడు. అడిగితే తల్లి "నీ ఇష్టం" అంది. ఆ గదిలోనే ఇప్పుడు సింధూజ సౌండ్ హీలింగ్ చేస్తోంది. హైదరాబాద్‌లో నేర్చుకుని వచ్చిన విద్య. జనం చాపల మీద కళ్లు మూసుకుని పడుకుంటే ఆమె కంచు గిన్నెలను ఒక్కొక్కటే మోగిస్తుంది. కొందరు హాయిగా నిద్రపోతారు, కొందరు వెక్కివెక్కి ఏడుస్తారు. పక్కింటి హన్మమ్మ అయితే మొదటి గిన్నె మోగకముందే ముక్కు చీదడం మొదలుపెడుతుంది.

ఆ గిన్నెల గోల పడకే అత్తగారు వెళ్లిపోతోందని సింధూజకు గట్టి అనుమానం.

"అత్తమ్మా, జర ఒక్కసారి నా కాడ పండుకో. గప్పుడు గూడ పోవాలనిపిస్తే నేనే బస్సెక్కిస్త," అని బతిమాలింది.

"నాకేం రోగమొచ్చిందే?" అని మూతి ముడిచింది గానీ, కోడలి మాట తీసెయ్యలేక జమ్ములమ్మ వచ్చి హన్మమ్మ పక్కన పడుకుంది. కురుమూర్తి గుమ్మంలో నిలబడ్డాడు.

గిన్నె మోగింది. రెండో దెబ్బకు జమ్ములమ్మ కుడిచెయ్యి చాప మీద నుంచి లేచింది. ఎడమపక్కకు సాగింది, గాలిలో కాసేపు ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. మూడో దెబ్బకూ అంతే, నాలుగో దెబ్బకూ అంతే. సింధూజ గిన్నెను పక్కన పెట్టేసింది. నరాల జబ్బా? పక్షవాతమా? ఒక్క ఉదుటున వెళ్లి ఆ చేతిని రెండు చేతులతో చాపకు అదిమి పట్టింది.

"చెయ్యి కదిలియ్యకు అత్తమ్మా! ఏం గాదు, నేనున్న!"

"ఇడ్సు!" జమ్ములమ్మ అరిచిన అరుపుకు హన్మమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. "ఇడ్సు నా చెయ్యి! గీ చెయ్యిని గూడ కట్టేస్తరా?"

"నీ చెయ్యి వణుకుతుందమ్మా. నడువు, దవాఖానకు పోదం," అంటూ కురుమూర్తి లోపలికి వచ్చాడు.

"వణుకుతలేదురా! నాడె ఇస్తుంది!"

జమ్ములమ్మ లేచి కూర్చుంది.

"గద్వాల చీర ఒక్కరితోని అయితదా? నడుమ నూలు, అంచుకు పట్టు. మీ నాయిన నూలు చుట్టిన నాడె పోగుల నడుమకెల్లి ఇసిరి, పోగు బిగిసేటట్టు పలక గుంజి కొడుతుండె. ఆ సప్పుడు కాంగనే పక్కన కూసున్న నేను అంచు నాడె ఇయ్యాలె. పోగుపోగుకు గంతే. ముప్పయ్యేండ్లు ఇచ్చిన. కొట్లాడుకున్న దినం మాటలుండకపోతుండె గని నాడె ఇచ్చుడు మాత్రం ఆపలే. ఆయన తీసుకొని మల్ల నాకిస్తుండె." ఆమె తన అరచేతిని చూసుకుంది. "ఇప్పుడు గిన్నె సప్పుడైంది. చెయ్యి దానంతల అదే పోయింది. అవుతల తీసుకునేటోళ్లు లేరు బిడ్డా."

అప్పుడు ఏడ్చింది జమ్ములమ్మ. పద్నాలుగు నెలలు లోపలే దాచుకున్నదంతా బయటపడేలా, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.

"నువ్వు బాధపడతవనే మగ్గం తీపిచ్చిన అమ్మా," అన్నాడు కురుమూర్తి, తలెత్తకుండా.

"వద్దని చెప్పనీకి నాకు నోరు రాలేదురా. ఒక్కదానివి ఏం నేస్తవంటే ఏం జెప్పాలె? సప్పుడు లేని ఇంట్ల ఊపిరాడుతలేదు. అందుకే పోతనన్న."

"నా గిన్నెల సప్పుడుకే పోతున్నవనుకున్న అత్తమ్మా!"

"పిచ్చిదానా! అవి మోగినంతసేపే గదనే ఇంట్ల ఇంకో మనిషి ఉన్నట్టుండేది."

సింధూజకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నాళ్లూ అత్తగారు తలుపవతల గోడకు ఆనుకుని కూర్చుని వింటోందని తనకేం తెలుసు?

"మగ్గం మల్ల పెట్టిస్త," అన్నాడు కురుమూర్తి.

"పెట్టిస్తవు. మీ నాయినను యాడికెల్లి తెస్తవు?"

సింధూజ కళ్లు తుడుచుకుని, అత్తగారి ఎడమపక్కకు జరిగి, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు. హన్మమ్మే చెయ్యి చాచి, గిన్నెను మోటుగా ఒక్కటి కొట్టింది.

జమ్ములమ్మ చెయ్యి కదిలింది. సింధూజ దాన్ని అందుకుని గట్టిగా పట్టుకుంది.

"గట్ల పట్టుకోవద్దే," అంది జమ్ములమ్మ, ఏడుపు ఇంకా ఆగకుండానే. "తీసుకొని మల్ల నాకియ్యాలె. రేపట్నుంచి నేర్పిస్త."