పదకొండు కళ్ళజోళ్ళు

కచేరీకి సరిగ్గా ఆరు గంటల ముందు, తన నొటేషన్ పుస్తకంలోని పెన్సిల్ గీతలన్నీ ఎవరో చెరిపేశారని టీచరమ్మ కనిపెట్టింది.

పద్నాలుగు పేజీలు. ఒక్క గీత మిగల్లేదు. అచ్చయిన స్వరాలు మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లటి కాగితం మీద బారులు తీరి నిలబడి ఉన్నాయి.

ఆమె పేజీలు ముందుకి తిప్పింది. వెనక్కి తిప్పింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"అక్కా! నా పుస్తకాన్ని ఎవరో హత్య చేశారు."

రెండో వయోలిన్ వాయించే అక్క పరుగెత్తుకొచ్చింది. రోజుకో డిటెక్టివ్ నవల నమిలి మింగే మనిషి. ఇలాంటి రోజు కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూసినట్టు ఆమె కళ్ళు మెరిశాయి.

"ఎవరూ దేన్నీ ముట్టుకోకండి!"

ముట్టుకోవడానికి ఆ గదిలో ఇంకొక్కరే ఉన్నారు. కూర్చుని నేలకి ఆనించి వాయించే పెద్ద వయోలిన్‌ని చెల్లో అంటారు, అది వాయించే బాబాయ్. టీచరమ్మకి సొంత బాబాయే. అన్నగారి కూతురి చేతికి ఐదో ఏట వయోలిన్ ఇచ్చింది ఆయనే. ఆ అమ్మాయి ఇప్పుడు మ్యూజిక్ స్కూల్లో పాతికమంది పిల్లలకి నేర్పుతోంది, ఈ నలుగురి బృందానికి మొదటి వయోలిన్ కూడా తనే.

"గీతలే కదమ్మా, మళ్ళీ గీసుకో," అన్నాడు బాబాయ్ తాపీగా.

"మూడు నెలలు బాబాయ్! ఎక్కడ కమాను పైకి లాగాలో, ఎక్కడ కిందికి లాగాలో, ఏ స్వరానికి ఏ వేలు పెట్టాలో, అన్నీ అందులోనే ఉన్నాయి. అవి లేకపోతే మన నాలుగు కమానులూ నాలుగు దిక్కులకి పోతాయి."

అక్క నేలమీద కూర్చుని స్టాండు కింద వేలితో తడిమింది. బూడిదరంగు రబ్బరు పొట్టు గుప్పెడు దొరికింది.

"దొంగ నిదానంగా చేశాడు. ఓపికున్నవాడు. బాబాయ్ గారూ, మీ రబ్బరు చూపించండి."

"నాకు రబ్బరెందుకు? నేనెప్పుడూ తప్పు రాయను."

"రాయరు. వాయిస్తారంతే."

బాబాయ్ నొచ్చుకునేలోపే తలుపు తెరుచుకుంది. వయోలా పెట్టె వీపునేసుకుని, గొడుగు ఉండి కూడా సగం తడిసిపోయి, నాలుగో మనిషి లోపలికొచ్చాడు. వయోలా అంటే వయోలిన్‌కి అన్నలాంటిది. కొంచెం పెద్దది, గొంతు కొంచెం లోతు. అది వాయించేవాడు రిహార్సల్ మొత్తానికి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అందుకే అతనికి మౌనస్వామి అని పేరు పెట్టింది టీచరమ్మ.

"నిన్న ఆఖర్న తాళం వేసింది నువ్వే కదా?" అంది ఆమె, పలకరింపు కూడా లేకుండా.

"అవును."

"అప్పుడు నా పుస్తకంలో గీతలున్నాయా?"

"గీతలా?" గొడుగు మూయడానికి అతనికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. "నేను... చూడలేదు."

అక్క అతని చెవుల వైపు చూసింది. ఎర్రగా ఉన్నాయి. బయట చలిగాలి అనుకుని వదిలేసింది. నవలల్లో దొంగలకి చెవులు ఎర్రబడవు.

"ఇప్పుడు దొంగని పట్టుకోవాలా, గీతలు గీసుకోవాలా?" అన్నాడు బాబాయ్.

"గీతలే," అంది టీచరమ్మ. పెన్సిల్ తీసి చెక్కడం మొదలెట్టింది. "మీకెవరికీ చెప్పకూడదనుకున్నాను. ఇవాళ పక్క ఊరి సంగీత కళాశాల ప్రిన్సిపాల్ వస్తున్నారు."

"నువ్వు అక్కడ ఉద్యోగంలో చేరుతున్నావని మా అన్నయ్య చెప్పాడుగా. నిన్న నేనే అందరికీ చెప్పాను," అన్నాడు బాబాయ్.

"ఎవరు చేరుతున్నారు? నలుగురు కలిసి వాయించే సంగీతాన్ని నేనొక్కదాన్నే ఎలా నేర్పుతాను? తీసుకుంటే నలుగురినీ తీసుకోండి, వారానికి రెండు రోజులు వస్తాం అని రాశాను. ముందు వినాలి అన్నారు. అందుకే వస్తున్నారు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"ఎవరో వింటున్నారని తెలిస్తే మీ శృతి జారుతుంది బాబాయ్."

గదిలో ఏదో దబ్బుమని పడింది. మౌనస్వామి చేతిలో గొడుగు.

"నలుగురినా?" అన్నాడతను.

"నలుగురినే. ఏం, నీకు ఇష్టం లేదా?"

"లేదు. అంటే ఉంది. చాలా ఉంది." అతని మొహం పాలిపోయింది. పెట్టె కిందపెట్టి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. "రాసుకో. నేను చెబుతాను."

"ఏం చెబుతావు?"

"నీ గీతలు. మొదటి వరస, కమాను కిందికి. మూడో స్వరం దగ్గర పైకి. అక్కడ నాలుగో వేలు."

ఆమె రాసింది. అతను తడుముకోకుండా చెబుతూ పోయాడు. పేజీ తర్వాత పేజీ. ఎక్కడ సన్నగా వాయించాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, అన్నీ. మూడు నెలల్లో మాట్లాడని మాటలన్నీ ఒక్క గంటలో మాట్లాడేశాడు.

ఐదో పేజీ దగ్గర ఆమె పెన్సిల్ ఆగింది.

"నా కమాను గుర్తులన్నీ నీకెలా తెలుసు?"

"పక్కనే కూర్చుంటాను కదా."

"పక్కన కూర్చునేవాడు తన పుస్తకం చూసుకోవాలి."

"చూసుకుంటాను. అప్పుడప్పుడూ."

వెనక అక్క దగ్గింది. ఆ దగ్గులో రెండు అధ్యాయాల అనుమానం ఉంది.

"సరే. ఇక్కడ కళ్ళజోడు ఉండాలి," అంది టీచరమ్మ.

వాళ్ళ వృత్తిలో అదొక గుర్తు. 'ఇక్కడ కాగితం మీంచి తలెత్తి తోటివాళ్ళని చూడు' అని రాసే ఓపిక లేక, స్వరాల పైన పెన్సిల్‌తో బుల్లి కళ్ళజోడు గీస్తారు.

"అది... అక్కర్లేదేమో," అన్నాడు మౌనస్వామి.

"ఎందుకక్కర్లేదు? మొత్తం పదకొండు ఉండేవి. బాబాయ్ గీసినవి."

"నేనా?" బాబాయ్ చెల్లో వదిలేసినంత పని చేశాడు. "నేనెప్పుడు గీశానమ్మా?"

"మీరు కాదా? మిమ్మల్ని చూడమనేగా అనుకున్నాను! అందుకే అవి కనబడ్డప్పుడల్లా మీ వైపే చూసేదాన్ని."

"ఆ చూపు అదా!" బాబాయ్ గుండెమీద చెయ్యేసుకున్నాడు. "నా శృతి పోయిందని ఉరిమి చూస్తున్నావనుకున్నాను. మూడు నెలలుగా పొద్దున్నే లేచి సాధన చేస్తున్నానే తల్లీ!"

"పోనీలెండి, అందుకే కాస్త బాగుపడ్డారు," అంది అక్క.

టీచరమ్మ నవ్వలేదు. పుస్తకాన్ని స్టాండు దీపానికి దగ్గరగా తీసుకెళ్ళి ఏటవాలుగా వంచింది. రబ్బరు రంగుని తీసేస్తుంది కానీ, పెన్సిల్ నొక్కిన గాడిని తీసెయ్యలేదు. దీపం వెలుగులో కాగితం మీద సన్నటి నొక్కులు కనిపించాయి. రెండు సున్నాలు, మధ్యలో గీత. కుడివైపు కాడ చివర చిన్న వంకర.

ఆ వంకర ఆమె ఎక్కడో చూసింది. కళ్ళు మెల్లగా పక్కకి తిరిగాయి. పక్క స్టాండు మీద, వయోలా పుస్తకంలో, స్వరాల పైన ఒక కళ్ళజోడు. కుడి కాడ చివర అదే వంకర.

మౌనస్వామి కిటికీలోంచి వానని పరీక్షగా చూస్తున్నాడు. వానలో కొత్తగా ఏమీ లేదు.

ఆమె పుస్తకాన్ని మళ్ళీ స్టాండు మీద పెట్టింది. పెన్సిల్ తీసుకుని పదకొండు కళ్ళజోళ్ళూ ఆ నొక్కుల మీదే మళ్ళీ గీసింది. వంకరతో సహా.

ఆరు గంటలకి హాలు నిండింది. మూడో వరసలో నెరిసిన జుట్టు ప్రిన్సిపాల్ గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నలుగురూ కమానులు ఎత్తారు.

మొదటి కళ్ళజోడు వచ్చింది. టీచరమ్మ తలెత్తింది. ఈసారి బాబాయ్ వైపు కాదు.

మౌనస్వామి ఎప్పటిలాగే ఆమె వైపే చూస్తున్నాడు, ఎప్పటిలాగే ఆమె చూడదనే ధైర్యంతో. చూపులు ఢీకొన్నాయి. వయోలా ఒక స్వరం మింగేసింది. అక్క కనుబొమలు జుట్టులోకి ఎగిరాయి.

రెండో కళ్ళజోడు. మళ్ళీ చూసింది. అతని చెవులు వేదిక దీపాలతో పోటీపడ్డాయి.

మూడో దానికి అతను నవ్వాడు. నాలుగో దానికి ఆమె నవ్వింది. ఆ తర్వాత ఇద్దరికీ లెక్క తప్పింది. కమాను మాత్రం ఎక్కడా తప్పలేదు. ఆమె పైకి లాగితే అతని కమాను పైకే వెళ్ళింది. తన వైపు ఉరిమి చూసేవాళ్ళు లేకపోవడంతో బాబాయ్ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత శృతిగా వాయించాడు. ఆఖరి స్వరం ఆగింది. మూడో వరసలో కట్టుకున్న చేతులు విడివడి, ముందుగా చప్పట్లు కొట్టాయి.

ప్రిన్సిపాల్ గారు నేరుగా వేదిక వెనక గదికి వచ్చారు.

"వారానికి రెండు రోజులు. నలుగురూ. సోమవారం పొద్దుటి రైలుకి రండి," అన్నారు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. "మీరు వాయించేటప్పుడు ఒకర్నొకరు భలే చూసుకుంటారమ్మా. మా పిల్లలకి ముందు అదే నేర్పండి."

ఆయన వెళ్ళగానే బాబాయ్ కుర్చీలో వాలిపోయాడు. అక్క తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు కేసు తేలాలి. ఎవరూ బయటికి పోవడానికి వీల్లేదు."

టీచరమ్మ పుస్తకం తెరిచి, మొదటి కళ్ళజోడు మీద వేలు పెట్టి మౌనస్వామి ముందు నిలబడింది.

"స్వామీ, మౌనవ్రతం ఈ పూటకి చాలు. ఈ వంకర ఎవరిది?"

అతను అక్క వైపు చూశాడు. దారి లేదు. బాబాయ్ వైపు చూశాడు.

"చెప్పు బాబూ," అన్నాడు బాబాయ్. "మూడు నెలల నా పొద్దుటి నిద్రకి నువ్వు జవాబు చెప్పాలి."

మౌనస్వామి కమానుని పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"గీసింది నేనే. చెరిపింది కూడా నేనే. మొదటిది నిజంగా అవసరమనే గీశాను, అక్కడ మనిద్దరం కలిసి మొదలెట్టాలి కదా. ఆ రోజు తలెత్తి బాబాయ్ గారిని చూశావు. ఇంకోటి గీస్తే ఈసారైనా నన్ను చూస్తావనుకున్నాను. అలా పదకొండయ్యాయి. నిన్న నువ్వు వెళ్ళిపోతున్నావన్నారు. వెళ్ళిపోయే మనిషిని నా వైపు చూడమని అడగడం బాగుండదనిపించింది. ఆ పదకొండే చెరిపాను. కానీ నీ పేజీలన్నీ పెన్సిల్‌తో నల్లబడి ఉన్నాయి, చెరిపినచోట పదకొండు తెల్ల మచ్చలు మెరిసిపోతున్నాయి. దొరికిపోతానని భయమేసి మొత్తం చెరిపేశాను. రబ్బరు కూడా నీదే, నీ స్టాండు మీదే ఉంది. నీ గీతలు ముందే కంఠతా వచ్చు కాబట్టి ఎలాగైనా మళ్ళీ రాయించొచ్చనుకున్నాను. ఇంకోటి గీద్దామంటే ఆ పుస్తకంలో ఇక చోటు లేదు. అందుకే నోటితోనే అడుగుతున్నాను. కచేరీ అయిపోయింది, ముందు కాగితం లేదు, స్వరాలూ లేవు. ఇప్పుడు కూడా నా వైపు చూస్తావా?"