చెప్పులు తిప్పిన వీధి

వీధికి తొడుగులు పంచే వరహాలమ్మ గంప దించి, కుసుమ గడపమీద రెండు కండోమ్ పెట్టెలు పెట్టింది. తలుపుపై దీపం ఇంకా రంగు తేల్చుకోలేదు. రేవును నడిపే యంత్రబుద్ధి రేవుమేధ లోపల వచ్చినవాడి రక్తం చదువుతోంది. బయట క్రేను మేస్త్రీ భానోజీ చెప్పులు విడిచి, తలుపుకు అరచేయి ఆనించి, లాటరీ టిక్కెట్టు పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు.

రోగం లేదని దీపం పచ్చబడింది. మేస్త్రీ మొహం విచ్చుకుంది.

"పచ్చొచ్చేసింది! ఇంక ఆ తొడుగులతో పనేటి? మేధే మినహాయింపిచ్చింది."

"పచ్చగా ఉన్నదల్లా పచ్చిక కాదు బాబూ," అంది వరహాలమ్మ. "నాచూ పచ్చగానే ఉంటాది. కాలేస్తేగానీ తెల్దు. కొత్తగా అంటుకున్న రోగం నీ దీపానికి కనపడదు."

తొందరకు ముందర తొడుగు. ఒళ్లమ్ముకుని బతికే ఆ వీధి ఆడవాళ్ల వేదం ఇది. సముద్రం పాత ఊరిని మింగి కొత్తరేవు తేలాక మందులు మారాయి, యంత్రాలు మారాయి, వేదం మారలేదు. అందుకే రేవు మొత్తంలో ఆ వీధంత ఆరోగ్యమైన చోటు లేదు. ఒళ్లు కాపాడుకున్నది వాళ్లు, పేరు కొట్టేసింది దీపం.

"కుసుమా," అంది మేధ, తలుపులోంచి మెత్తగా. "పచ్చదీపం పడ్డవాణ్ణి తొడుగడిగినా నిరాకరించినట్టే; గదిహక్కు రద్దవుతుంది. అంగీకారమేనా?"

కుసుమ ఇద్దరు బిడ్డల తల్లి. ఆ గది పోతే ముగ్గురూ వీధిపాలు. పెట్టెలవైపు చూసింది. తీగమీద ఆరుతున్న పిల్లల గౌన్లవైపు చూసింది.

"అక్కా..." అంది.

వరహాలమ్మ వంగి, భానోజీ ఎడమ చెప్పును వీధివైపు తిప్పేసింది.

మొదటి చెప్పు వీధి తిప్పుతుంది; రెండోది ఇంటామె తిప్పాలి. ఒక గడప తిప్పిన చెప్పులకు మరో గడప తలుపు తీయదు. అదీ కట్టుబాటు. ఎదురింటి పైడమ్మ చూసి, "తిప్పేసినార్రా!" అని కేకేసి తలుపు మూసింది. తర్వాత పక్కామె. వీధి చివరిదాకా గడియలు పడ్డాయి. మేధ మోటార్లు వేసినవి కావు, చేతులు వేసినవి. పడిన ప్రతి గడియా ఒక గదిహక్కును పణంగా ఒడ్డింది.

"ఇదేటి దౌర్జన్నం! నాను పచ్చోణ్ణి!" అన్నాడు భానోజీ.

"పచ్చోడివే నాయనా, ఇంకా పండనేదు," అంది కిటికీలోంచి పైడమ్మ.

"కుసుమా, అంగీకారమేనా?" మేధ మళ్లీ అడిగింది.

కుసుమ గడప దాటింది. కుడి చెప్పును తిప్పి, ఎడమదాని పక్కన సరిగ్గా సర్దింది.

"తెరిచిన తలుపు ఒక్కటీ లేదు," అంది మేధ. "ఎవరి హక్కు రద్దు చేయాలి?"

"ముందు నాది," అంది కుసుమ. "ఆనక వరసగా అందరిదీ. రేపొచ్చినోళ్లకి నువ్వే తలుపు తియ్యి."

దీపం ఎర్రబడలేదు. పచ్చగానూ నిలవలేదు. రేవుమేధ ఒక్క హక్కూ రద్దు చేయలేదు.

భానోజీ గొంతు సవరించుకుని పెట్టెవైపు చెయ్యి చాచాడు. "సర్లే, ఒకటియ్యండమ్మా."

"రేపు," అంది కుసుమ. లోపలికెళ్లి, తలుపు తన చేత్తోనే వేసుకుంది.