ఎర్రకళ్ళ ఫొటో

పట్టపగలు... అయినా కారుచీకటి! ఒకపక్క గ్రహణం, మరోపక్క కాలమేఘాలు... సూర్యుణ్ణి అమాంతం మింగేశాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా స్టూడియో కిటికీలు గజగజలాడుతున్నాయి. రాత్రయిందనుకుందేమో, ఒక గుడ్లగూబ పైకప్పు మీద చేరి భీకరంగా కూసింది!

ఫొటోగ్రాఫర్ తమ్ముడి ఎదుట, నల్లతెర ముందు కుర్చీలో అక్క... విరబోసిన కేశపాశం, రెప్పపడని కళ్ళు. ఆ చూపు ఆమెది కాదు! పాదాల చెంత నెత్తుటి మరకల కపాలం. దాని వెనక మాంత్రికుడు.

"ఫొటోలో మొహం స్పష్టంగా పడి, ఎవరి కళ్ళు నిప్పుల్లా ఎర్రబడతాయో... వాళ్ళ ప్రాణం ఈ కపాలానిది! గ్రహణం విడిచేలోగా తియ్యరా!"

తియ్యనంటే అక్క గొంతు దానంతటదే బిగుసుకుపోతోంది. తీస్తే ప్రాణమే పోతుంది. తమ్ముడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

క్లిక్! ఫొటోలో అక్క మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లగా పాలిపోయింది. కళ్ళూ లేవు, ముక్కూ లేదు. ఫ్లాష్ ఆపి తీస్తే ఆ చీకటికి బొమ్మంతా అలుక్కుపోయింది. మళ్ళీ ఫ్లాష్... మళ్ళీ సున్నమే!

"ఛీ, దరిద్రపుగొట్టు కెమెరా! ఇవాళే చావాలా నీకు?" అని పళ్ళు కొరికాడు.

"ఊఁ... నొక్కు!"

"ఆగవయ్యా! ఫ్లాష్ ఛార్జ్ కావొద్దూ? దాని వెనకున్న దీపం వెలిగేదాకా అది పేలదు!"

విసుగ్గా కెమెరాను తిప్పి చూశాడు. అప్పుడు కనబడింది... పొద్దున తెల్లదుప్పటి మీద పసిపాపను తీస్తూ వెలుగు పెంచడానికి ప్లస్ వైపు తిప్పిన చక్రం! వెనక్కి తిప్పడం మరిచాడు. క్షుద్రమూ కాదు, గిద్రమూ కాదు, తన మతిమరుపే! తలబాదుకున్నంత పని చేసి చక్రాన్ని సున్నాకు తెచ్చాడు.

ఇక మొహం చక్కగా పడుతుంది. పడితే కళ్ళూ ఎర్రబడతాయి! చీకట్లో విప్పారిన కనుపాపల్లోకి ఫ్లాష్ సూటిగా కొడితే వచ్చే ఎరుపే అది. చటుక్కున ఫ్లాష్ తలను తెల్లటి సీలింగ్ వైపు ఎత్తి నొక్కాడు.

వెలుగు పైనుంచి మెత్తగా జారింది. కెమెరా తెర మీద అక్క... నిండైన మొహం, నల్లటి కళ్ళు!

"ఎరుపేదిరా?!" మాంత్రికుడు గర్జించాడు.

"నాకు చేతనైంది ఇంతే. ఎరుపు కావాలంటే ఫ్లాష్‌ను తిన్నగా పెట్టుకుని నువ్వే తీసుకో!"

మాంత్రికుడు కెమెరా లాక్కుని ఫ్లాష్ తలను ముందుకు వంచాడు. నొక్కాడు. పేలలేదు! మళ్ళీ నొక్కాడు... ఉహూఁ! వెనక దీపం ఇంకా వెలగలేదు. ఈసారి తమ్ముడు ఆగమనలేదు.

"ఏం రోగం దీనికి?!" మాంత్రికుడు కెమెరాను తనవైపు తిప్పుకుని, చెయ్యి చాచి, ఫ్లాష్‌లోకి కళ్ళు చించుకు చూస్తూ మీటను కసిగా నొక్కాడు...

ఫట్!!!

తెర మీద మాంత్రికుడి మొహం... స్పష్టాతిస్పష్టంగా! రెండు కళ్ళూ నిప్పుకణికలు!

కపాలం నోరు తెరిచింది. దానికి తన పర భేదం లేదు. "వద్దు... నేను నీ యజమానిని..." ఆ ఆర్తనాదం పూర్తికాకముందే అతడు గుప్పెడు బూడిదయ్యాడు! కపాలం నిట్టనిలువునా పగిలింది. కిటికీలోంచి ఎండ పడింది.

అక్క కళ్ళు నులుముకుని, కిందపడ్డ కెమెరా తీసి తన ఫొటో చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఈ దెయ్యం జుట్టుతోనా నన్ను ఫొటో తీసేది? ముందు ఆ ఫొటో తీసెయ్!"

"తియ్యనే, చచ్చినా తియ్యను," అంటూ వాడు అక్క ఒళ్ళో తలపెట్టి భోరుమన్నాడు.