ఇవ్వకూడని ఇంజెక్షన్

తొంభై ఎనిమిది ఆగస్టు. ఆ మధ్యాహ్నం గుడివాడలోని మా నర్సింగ్ హోమ్‌లో ఒక్కరే పేషెంటు, పెడన గోపాలకృష్ణమూర్తి మాస్టారు. మెదడు చుట్టూ రక్తం చిమ్మిందని స్కాన్‌లో తేలింది. విజయవాడ తీసుకెళ్లేలోపే గుండెపోటు కూడా వచ్చింది.

"గుండెకి హెపారిన్ ఇవ్వాలి. ఇస్తే రక్తం పల్చబడి తలలో ఇంకా కారుతుంది," అన్నారు శశిధర్ డాక్టరుగారు. "ఏం జరిగినా ఇవ్వకండి సిస్టర్. ఆక్సిజన్ చూస్తూ ఉండండి. అంబులెన్స్ తీసుకొస్తాను."

ఆయన వెళ్లాక మాస్టారి భార్య సీతామహాలక్ష్మి గారు కళ్లొత్తుకున్నారు. "ఒకదాని మందు ఇంకోదానికి పడదా అమ్మా? మా అత్తగారూ నేనూ ఉన్నట్టే ఉంది," అని నవ్వబోయి ఏడ్చేశారు. కాఫీ తాగి రమ్మని కిందికి పంపాను.

నాది చాదస్తం. పిల్లలిద్దరూ నెల్లూరు హాస్టల్లో ఉంటారు. జ్వరమంటే ఫోన్లో మాత్ర పేరు రెండుసార్లు చదివించుకుంటాను. వార్డులోనూ అంతే. పోయిన నెల కృత్తివెన్ను నుంచి రొయ్యల చెరువుల పోతయ్య గుండెపోటుతో వచ్చాడు. నేను హెపారిన్ సీసా మీద పేరు మూడోసారి చదువుతుండగానే పోయాడు.

వాన పెద్దదైంది. కరెంటు పోయింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా ఉప్పు బురద వాసన... పక్కన ఖాళీ మంచం కిర్రుమంది.

"అమ్మాయ్..."

మాస్టారు కాదు. ఆయనకి స్పృహ లేదు.

"నాకెలాగూ ఇవ్వలేదు... ఈయనకైనా ఇవ్వు."

"ఇవ్వకూడదు," అన్నాను గుసగుసగా. "ఈయన తలలో రక్తం..."

"ఇంకా ఎన్నిసార్లు చదువుతావ్? ఇవ్వు."

అరచేతికి చల్లగా తగిలింది. సిరంజి. నిండుగా ఉంది. నేను నింపలేదు... సూది సెలైన్ గొట్టం వైపు వెళ్తోంది. చెయ్యి నాదే. ఆగడం లేదు... రెండో చేత్తో మణికట్టు పట్టి లాగాను. సిరంజి గోడకేసి కొట్టాను.

కరెంటొచ్చింది. మాస్టారు ఊపిరి తీస్తున్నారు. నాడి అందుతోంది.

డాక్టరుగారు తడిసి ముద్దై వచ్చారు. "ఏమీ ఇవ్వలేదుగా?"

"లేదండీ."

ఆయన కేస్ షీట్ తీశారు. ముఖం మారిపోయింది. దాన్ని నా ముందు పెట్టారు.

హెపారిన్, ఐదు వేల యూనిట్లు, ఇచ్చాం. నా దస్తూరీ. నా సంతకం. టైము నాలుగూ నలభై.

గోడ గడియారం చూశాను.

ఇంకా నాలుగూ ముప్పై అయిదే.